పల్లె విడిది ఎవరిది? చాకిరీ ఎవరిది?

శనివారం సాయంత్రమైతే చాలు, బెంగుళూరు కార్లు మన పక్కకు తిరుగుతున్నాయి. వి.కోట దాటి రామకుప్పం వైపు, కుప్పం వైపు వచ్చే రోడ్ల పక్కన, చింతచెట్లకు, కరెంటు స్తంభాలకు కొత్త బోర్డులు వేలాడుతున్నాయి. ఫారం స్టే అని కొన్ని, హోం స్టే అని కొన్ని, విలేజ్ స్టే అని మరికొన్ని. పేరేదైనా సరుకు ఒక్కటే. రాత్రికి మంచం, పొద్దున్నే టిఫిను, నడుమ కాస్త పల్లెటూరు. పట్నంలో అద్దె గదికి అద్దె ఇస్తారు. ఇక్కడ పల్లెటూరికే అద్దె కడుతున్నారు.

ఇంటికి చుట్టం రావడం మనకు కొత్త కాదు. మన ఇళ్ళముందు తిన్నెలు కట్టిందే దారిన పోయేవాడు కూచోవడానికి. కరువు సంవత్సరాల్లో కూడా వచ్చినవాడికి సంగటి ముద్ద పెట్టి పంపిన సీమ ఇది. కాబట్టి పట్నంవాళ్ళు కుటుంబాలతో పల్లెకు వచ్చి రెండు రోజులు వుండి పోవడం తప్పని ఎవరూ అనడం లేదు. పట్నంలో పుట్టిన పిల్లలకు చెనిక్కాయ చెట్టుకు పైన కాస్తుందా, భూమిలో కాస్తుందా అన్నది తెలియడం మంచిదే. మన ప్రశ్న వేరు. ఆ చుట్టం ఎవరి ఇంటికి వస్తున్నాడు? ఆ ఇంటి వెనుక చాకిరీ ఎవరు చేస్తున్నారు? చుట్టం ఇచ్చిన డబ్బు ఏ జేబులో పడుతున్నది? ఆ ఇల్లు కట్టిన భూమి నిన్న ఎవరిది?

ఈ నాలుగు ప్రశ్నలు అడక్కుండా "గ్రామీణ పర్యాటకం", "రైతుకు రెండో ఆదాయం" అని పొగడడం పాలకులకు అలవాటయింది. రైతుసోదరులూ, కూలి అక్కచెల్లెళ్ళూ ఈ ప్రశ్నలు అడిగి తీరాలి.

దొర బంగళా నుంచి ఫారం హౌసు దాకా

మన ప్రాంతానికి విడిది వ్యాపారం కొత్తది కాదు. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ వుంది. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే బిడ్డ కథ ఆ కొండమీద పుట్టింది. బ్రిటిషువారి కాలంలో కడప కలెక్టరుగా వున్న హార్సిలీ దొరకు ఎండలు పడక ఆ కొండపై బంగళా కట్టుకున్నాడు. కొండ పేరు హార్సిలీ హిల్స్ అయింది. మల్లమ్మ పేరు ఊరిజనం నోట మిగిలింది. దొర చల్లగాలికి పైకెక్కితే, ఆయన సామాను మోసినవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు, వంటచెరకు కొట్టినవాళ్ళు ఆ చుట్టుపక్కల పేదలే. వాళ్ళ పేర్లు ఏ కొండకూ పెట్టలేదు.

ఆనాడు విడిది కలెక్టరుకు మాత్రమే. ఈనాడు జీతగాళ్ళకు, చిన్న వ్యాపారులకు కూడా అందుతున్నది. ఇది ఒకవిధంగా ముందడుగే. అయితే సామాను మోసేవాడి సంగతి మాత్రం అక్కడే ఆగిపోయింది.

దీనికి ఊతమిచ్చే ఏర్పాట్లు అన్నీ జరుగుతున్నాయి. కేంద్ర పర్యాటకశాఖకు "ఇంక్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్" అనే పథకం వుంది. ఇంటి యజమాని తన ఇంట్లో ఒకటి మొదలు ఆరు గదుల దాకా అతిథులకు ఇవ్వవచ్చు. గోల్డు, సిల్వరు అని రెండు తరగతులు. యజమాని కుటుంబం అదే ఇంట్లో కాపురం వుండాలన్నది అందులో షరతు. 2025–26 కేంద్ర బడ్జెట్లో హోం స్టేలకు ముద్ర రుణాలు ఇస్తామన్నారు. మన రాష్ట్ర ప్రభుత్వం 2024–29 పర్యాటక విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. బెంగుళూరు – చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారిలో హోస్కోటె నుంచి మన సరిహద్దు వైపు వచ్చే కర్ణాటక భాగం, సుమారు 71 కిలోమీటర్లు, 2024 డిసెంబరులో వాహనాలకు తెరిచారు. రోడ్డు దగ్గరయితే పట్నం దగ్గరవుతుంది. పట్నం దగ్గరయితే భూమి ధర లేస్తుంది. భూమి ధర లేచినచోట సన్నకారు రైతు కాలు నిలవదు.

ఒక కుటుంబం, ఒక రాత్రి

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో పైపైన మాట్లాడితే లాభం లేదు. మా పక్క ఒక తోటలో పనిచేసే అక్కలు చెప్పింది, నేను కళ్ళారా చూసింది కలిపి రాస్తున్నాను. తోట పేరు, యజమాని పేరు ఇక్కడ అనవసరం. అలాంటివి ఇప్పుడు చాలా వున్నాయి.

శనివారం సాయంత్రం నాలుగు గంటలకు కారు వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ముసలమ్మ. మంచి మనుషులే. దిగంగానే "ఎంత గాలి! ఎంత నిశ్శబ్దం!" అన్నారు. వాళ్ళకు ఇచ్చిన ఇల్లు పెంకుటిల్లు మాదిరి కట్టిన కొత్త ఇల్లు. గోడలకు ఎర్రమన్ను పూత, లోపల గీజరు. పెరట్లో రోలు, తిరగలి, కవ్వం వరసగా పెట్టారు. అవి అటకమీది నుంచి పడిపోయిన ఇళ్ళల్లో పాత సామాన్లవాళ్ళు ఏరి అమ్మినవి. వాటిలో ఒక తిరగలి మా తండాలోదేనని పనిచేసే అక్క గుర్తుపట్టింది.

ఆ రాత్రి రాగి సంగటి, నాటుకోడి పులుసు, చింతాకు ఊరిమిండి, అనపగింజల కూర. అరిటాకు వేసి వడ్డించారు. పిల్లలు సంగటి మింగలేక తిప్పలు పడితే అందరూ నవ్వుకున్నారు. తర్వాత కట్టెలు పేర్చి మంట వేశారు. పొద్దున్నే పిల్లల్ని ఆవు దగ్గరికి తీసుకెళ్ళి పొదుగు పట్టించారు. ఎద్దులబండి ఎక్కించి చెరువుకట్ట దాకా తిప్పారు. తొమ్మిదికి దోసెలు, పల్లీ చట్నీ. పదకొండుకు కారు కదిలింది.

ఇది అతిథుల లెక్క. ఇక పనివాళ్ళ లెక్క చూడండి. ఆ దోసెలకు పిండి రుబ్బే అమ్మ శనివారం మధ్యాహ్నం వచ్చింది. ఆదివారం సాయంత్రం పక్కదుప్పట్లు ఉతికి ఆరేసి ఇంటికి పోయింది. రాత్రి మంట ఆరేదాకా, అంటే పన్నెండింటిదాకా, మంటకు కాపలా ఆమె భర్తే. తెల్లారి నాలుగుకు పాలు పిండడానికి లేచిందీ ఆయనే. పిల్లలు పొదుగు పట్టి ఫొటో తీసుకుంది ఏడుగంటలకు. అసలు పాలు అప్పటికే పాలకేంద్రానికి పోయాయి! ఆ ఆలుమగలకు శని, ఆదివారాలు రెండూ ఓవర్‌టైమే. అయితే ఓవర్‌టైము అనే మాట ఆ తోటలో ఎవరికీ తెలియదు. హాజరు పుస్తకం లేదు, వారపు సెలవు లేదు, పి.ఎఫ్. లేదు. "ఇంట్లో మనుషుల మాదిరి చూసుకుంటాము" అంటాడు యజమాని. కూలికి లెక్క ఎగ్గొట్టదలచినవాడు ముందు వావి కలుపుతాడు. ఇది మన జీతగాళ్ళ కాలంనుంచీ వున్న పాత ఎత్తే.

ఆ అక్క ఒక మాట అన్నది. "అన్నా, మా ఇంట్లో సంగటి తింటే పేదోళ్ళ తిండి అంటారు. ఈడ అరిటాకులో పెడితే ఐదు నూర్లంట! సంగటి అదే, కెలికే చెయ్యీ అదే. మరి ఆ ఐదు నూర్లు యాడికి పోతాండాయి?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల ఆర్థికశాస్త్రజ్ఞుడు ఎవరైనా వుంటే ముందుకు రావలసిందిగా కోరుతున్నాను.

పోల్చుకోవడానికి ఒక అంకె చెబుతాను. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలుగా నిర్ణయించారు. ఎండలో మట్టి తవ్వితే సర్కారు కట్టిన విలువ అది. ఒక కుటుంబం ఒక రాత్రి విడిదికి ఇచ్చే డబ్బు కొన్ని చోట్ల ఇరవై రోజుల మట్టిపని కూలికి సమానం. అతిథి ఎక్కువ ఇస్తున్నాడని నేను అనడం లేదు. అతిథి ఇస్తున్నదాంట్లో చాకిరీకి వాటా లేదంటున్నాను.

పొట్టి ఆవు బొమ్మ, జెర్సీ ఆవు బతుకు

ఈ తోటల్లో తప్పకుండా ఒక పుంగనూరు ఆవు కట్టివుంటుంది. నడుము ఎత్తు కూడా దాటని ఈ పొట్టి ఆవు మన గడ్డమీద పుట్టిన జాతి. మెట్టచేలల్లో దొరికే కొద్దిపాటి మేత తిని, వెన్న ఎక్కువున్న పాలు ఇచ్చే పేదల ఆవు. పాలు ఎక్కువ కావాలని పాలసంఘాలు, బ్యాంకులు జెర్సీని, హెచ్.ఎఫ్.ను తలకెత్తాయి. పుంగనూరు ఆవు దాదాపు అంతరించిపోయే దశకు వచ్చింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుకుంటూ వచ్చారు. ఇప్పుడు ధనవంతుల సరదాగా దానికి మళ్ళీ గిరాకీ వచ్చింది, ధర లక్షలు పలుకుతున్నది. 2024 జనవరిలో ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన ఫొటోలు దేశమంతా చూసింది.

సంతోషమే. కానీ గమనించండి. ఆ ఆవును వందల ఏళ్ళు సాకిన రైతు ఈనాడు దాన్ని కొనలేడు. ఆయన కొట్టంలో వున్నది అప్పుచేసి తెచ్చిన జెర్సీ. దానికి దాణా ఖర్చు ఎంత, పాలకేంద్రం ఇచ్చే ధర ఎంత అనే లెక్కతో ఆయనకు రాత్రిళ్ళు నిద్ర పట్టదు. విడిది ఇంట్లో ఆవు బొమ్మ అయింది, రైతు ఇంట్లో బాకీ అయింది. పల్లెటూరి అందాన్ని అమ్మడమంటే ఇదే. పల్లెటూరి కష్టాన్ని తెరవెనుకకు నెట్టి, కష్టం వదిలిన గుర్తుల్ని ముందు గదిలో అలంకరించడం.

ఏనుగుల సంగతీ అంతే. 1980ల నుంచి తమిళనాడు, కర్ణాటక అడవుల్లోనుంచి ఏనుగులు మన కొండలకు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అప్పటినుంచి అడవి అంచు ఊళ్ళలో వరిమడి, చెరుకుతోట, టమాటా మడి వేసిన రైతు టార్చి పట్టుకుని, టపాకాయలు పట్టుకుని రాత్రంతా కాపలా. ఏనుగుల కాళ్ళకింద మనుషులు పోయారు. కరెంటు తీగలు తగిలి ఏనుగులూ పోయాయి. మా మండలంలోని ననియాలలో అటవీశాఖ ఏనుగుల శిబిరం వుంది. పంటలమీద పడే మందల్ని మళ్ళించడానికి కర్ణాటక ప్రభుత్వం 2025 మే నెలలో మన రాష్ట్రానికి కుంకీ ఏనుగుల్ని ఇచ్చింది. అతిథికి "ఏనుగుల అడవి పక్కన విడిది" అనేది ఆకర్షణ. ఆ అడవి పక్కనే మంచె ఎక్కి కూచున్న కౌలురైతుకు అది గండం. ఒకే రాత్రి, ఒకే అడవి. ఒకరికి టిక్కెట్టు, ఇంకొకరికి జాగారం.

భూమి మాట

విడిది ఇల్లు కట్టాలంటే భూమి కావాలి. పెద్ద విషయం ఇదే. మిగిలినవన్నీ దీని చుట్టూ తిరిగేవి.

కర్ణాటకలో వ్యవసాయం చేయనివాడు సాగుభూమి కొనకూడదనే కట్టుబాటు చాలాకాలం వుండేది. 2020లో భూసంస్కరణల చట్టాన్ని సవరించి దాన్ని ఎత్తేశారు. మన రాష్ట్రంలో అలాంటి అడ్డు లేనేలేదు. ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం 1973లో వచ్చింది, 1975 జనవరి 1 నుంచి అమలన్నారు. పల్లం అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు అని పరిమితి పెట్టారు. బినామీలు, దొంగ విడాకులు, తోటల పేర్లు అడ్డుపెట్టి భూస్వాములు ఆ చట్టాన్ని ఎంత తేలిగ్గా దాటారో ఈ పేజీ పాఠకులకు చెప్పనక్కరలేదు. పేదలకు దక్కిందల్లా గుట్టపక్క రాళ్ళనేల. మన జిల్లాలో డీకేటీ పట్టా అంటామే, అది.

ఆ డీకేటీ భూమిని పెద్దవాళ్ళు కాజేయకుండా 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం చేశారు. కొన్నా చెల్లదు, తిరిగి పేదవాడికే ఇవ్వాలని అందులో వుంది. 2023లో దాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్ళు నిండిన భూమిని అమ్ముకునే హక్కు ఇచ్చారు. "పేదవాడికి సంపూర్ణ హక్కు" అని ప్రచారం చేశారు. 2024లో ప్రభుత్వం మారిన తర్వాత, ఇలా విడిపించిన భూముల్లో అక్రమాలు జరిగాయని రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు దిగారు. రెండు ప్రభుత్వాల జగడంలో అసలు ప్రశ్న మరుగున పడుతున్నది. సేద్యానికి నీళ్ళు లేక, పంటకు ధర లేక, అప్పుల్లో వున్నవాడికి అమ్ముకునే హక్కు ఒక్కటే ఇస్తే అతను చేసేదేమిటి? అమ్ముకుంటాడు. కొనేవాడెవరు? పక్క గుడిసెవాడు కొనలేడు.

డీకేటీ నేలకు పట్నంవాడి కళ్ళలో విలువ ఎక్కువ. గుట్ట పక్కన వుంటుంది, అడవి కనబడుతుంది, ఊరికి దూరం. సేద్యానికి పనికిరాదని పేదవాడికి విసిరేసిన నేలే విడిదికి శ్రేష్ఠమైన నేల అయింది! రెండెకరాలు అమ్మిన రైతు ఆ డబ్బుతో బాకీలు తీర్చి, బిడ్డ పెండ్లి చేసి, రెండేళ్ళలో అదే తోటకు కాపలాదారుగా చేరుతున్నాడు. తన చేను తానే అతిథులకు చూపిస్తున్నాడు.

ఇలాంటిది కుప్పం ప్రాంతం ఇంతకుముందు ఒకసారి చూసింది. 1990ల చివర ఇజ్రాయెల్ సేద్యం అని చెప్పి రైతుల గట్లు చెరిపి, పొలాలు కలిపి, డ్రిప్పు పైపులు పరిచారు. ప్రపంచానికి చూపించారు. ప్రయోగం ముగిశాక గట్టు ఎక్కడుండేదో వెతుక్కోవలసి వచ్చింది రైతే. భూమిమీద ఎవరి పెత్తనం అనేది తేల్చకుండా తెచ్చే ఏ కొత్త పథకమైనా రైతును తన పొలంలోనే పరాయివాణ్ణి చేస్తుంది.

నీళ్ళ మాట

మన మండలాల్లో బోరు వెయ్యి అడుగులు దాటినా చుక్క రాని చోట్లున్నాయి. కృష్ణానీళ్ళ కోసం హంద్రీ–నీవా కుప్పం కాలువకు 2024 ఫిబ్రవరి 26న రామకుప్పం మండలం రాజుపేట దగ్గర ఒక ముఖ్యమంత్రి గేటు ఎత్తారు. 2025 ఆగస్టులో కుప్పం మండలం పరమసముద్రం దగ్గర ఇంకొక ముఖ్యమంత్రి జలహారతి ఇచ్చారు. ఒకే కాలువకు రెండు పండగలు! నీళ్ళు ఎవరు తెచ్చారనే తగవు వాళ్ళది. ఆ నీళ్ళు ఎవరి మడికి ఎక్కాలనే తగవు మనది.

2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం ఇష్టమొచ్చినచోట బోరు వేయకూడదు. పక్క రైతు బోరుకు దూరం పాటించాలి. చిన్నరైతు రెండో బోరుకు అర్జీ పెడితే ఆఫీసు చుట్టూ తిప్పుతారు. విడిది తోటలో ఈతకొలను తవ్వి నింపితే అడిగే నాథుడు లేడు. "పల్లెటూరి బతుకు" చూపిస్తామనేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. పల్లెటూరి బతుకులో ఈతకొలను లేదు, రెండు బిందెల కోసం కొళాయి దగ్గర వరస వుంది.

దళితవాడలో అతిథి ఎందుకు దిగడు?

ఈ విషయంలో కొందరు మిత్రులు నాతో వాదించారు. "కామ్రేడ్, నువ్వు అన్నీ వ్యతిరేకిస్తావు. టమాటా ధర చూడు. 2023 జూలైలో కిలో నూరు దాటింది నిజమే, కానీ మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి రోడ్డుమీద పారబోసిన సంవత్సరాలు ఎన్ని! పట్టుగూళ్ళ ధర ఇవాళ వున్నట్టు రేపుండదు. మన పిల్లలు తెల్లవారుజామున కుప్పంలో రైలెక్కి బెంగుళూరుకు కూలికి పోయి రాత్రి తిరిగొస్తున్నారు. ఊళ్ళోనే నాలుగు డబ్బులు వస్తే వద్దంటావా?" అని.

వద్దనడం లేదు. ఆ వాదనలో నిజముంది. రైలు దిగి రాత్రి పది గంటలకు ఇల్లు చేరే పిల్లవాడికి ఊళ్ళోనే గౌరవమైన పని దొరికితే అంతకన్నా కావలసిందేముంది? సన్నకారు రైతు కుటుంబం తన మిద్దెలో ఒక గది శుభ్రం చేసి చుట్టాన్ని పెట్టుకుంటే, ఆ డబ్బు ఆ ఇంటి ఆడమనిషి చేతికి వస్తే, అది మంచి రాబడే. ఇంగ్లండు, ఐర్లండు పల్లెల్లో రైతు ఇళ్ళ ఆడవాళ్ళు ఖాళీ గది ఇచ్చి, పొద్దున టిఫిను పెట్టి ఇల్లు నెట్టుకొచ్చారు. కేరళలో కొచ్చి పక్కనున్న కుంబళంగి అనే జాలర్ల ఊరిలో ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లోనే ఊరివాళ్ళ ఇళ్ళలో అతిథుల్ని దింపే ఏర్పాటు మొదలైంది.

అందరికన్నా తెలివైన పని ఇటలీ చేసింది. 1985 డిసెంబరులో రైతు ఇళ్ళ విడిదులమీద ఒక చట్టం చేసింది. ఆ వ్యాపారం రైతు మాత్రమే చేయాలి. సేద్యం, పశుపోషణ ప్రధానంగా వుండాలి. విడిది దానికి అనుబంధంగా మాత్రమే వుండాలి. సేద్యం మానేసి గదులు అద్దెకిచ్చేవాడిని ఆ చట్టం రైతు విడిదిగా గుర్తించదు. 2006లో దాన్ని తిరగరాసినా ఈ మూలసూత్రం మార్చలేదు. పెట్టుబడిదారీ దేశమే ఈ మాత్రం గీత గీసుకుంది. మనకు ఆ గీత లేదు.

మనకు ఇంకొక గోడ కూడా వుంది. దాని గురించి పర్యాటకశాఖ పుస్తకాల్లో ఒక్క మాట లేదు. అతిథి ఎవరి ఇంట్లో దిగుతాడు? ఊరిలో దిగుతాడు. దళితవాడలో దిగడు, తండాలో దిగడు. అక్కడ ఇల్లు చాలదంటారు. ఎందుకు చాలదు? 2019 తర్వాత పల్లెల్లో పేదలకు ఇచ్చిన ఇంటిస్థలం సెంటున్నర. ఇద్దరు పిల్లలు, ముసలివాళ్ళు, ఒక మేక వుంటే అందులో కాలు చాపుకునే చోటు లేదు. అతిథికి గది ఎక్కడిది, స్నానాలగది ఎక్కడిది? ముద్ర రుణం ఇస్తామన్న బ్యాంకు అప్పిచ్చే ముందు ఏం చూస్తుందో మనకు తెలుసు. కాబట్టి ఎంత మంచి పథకమైనా ఇల్లున్నవాడికే గది, గదున్నవాడికే అప్పు, అప్పు వచ్చినవాడికే ఆదాయం. కూలికి మాత్రం అంట్లు.

ఇల్లు చాలినా ఇంకో గోడ మిగులుతుంది. విడిది తోటలో వంట చేసే చేయి ఎవరిదని అతిథి అడిగినప్పుడు, యజమాని ఇచ్చే జవాబు వినండి. వండేది ఒకరైతే వడ్డించడానికి ఇంకొకరిని పెట్టే చోట్లున్నాయి. ఊడ్చేది, దొడ్డి కడిగేది ఎవరో చెప్పనక్కరలేదు. "స్వచ్ఛమైన పల్లె వాతావరణం" అని బోర్డుమీద రాసేటప్పుడు పాత కులగోడను కూడా స్వచ్ఛంగా నిలబెడుతున్నారు.

పేరు వస్తే పొట్ట నిండదని చెప్పడానికి తెలంగాణలో భూదాన్ పోచంపల్లి వుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకు వంద ఎకరాల దానంతో భూదానం మొదలైన ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది. మంచిదే. ఊరికి పేరు రావడం వేరు, మగ్గంమీద కూచున్నవాడి చేతికి కూలి పెరగడం వేరు. రెండోది పోరాడితేనే వస్తుంది, బిరుదుతో రాదు.

మనం అడగవలసినవి

కార్లను ఆపండి, బోర్డులు పీకండి అనే నినాదం మనది కాదు. వచ్చే కుటుంబాలు మన శత్రువులు కారు. వాళ్ళలో చాలామంది నెలజీతంమీద బతికేవాళ్ళే, వారమంతా నలిగి రెండురోజులు ఊపిరి పీల్చుకోవడానికి వస్తున్నారు. విశ్రాంతి మనిషి హక్కు. కానీ ఆ హక్కు వాళ్ళకు దుప్పటి పరిచే మనిషికి కూడా వుంది. మన వ్యవసాయ కార్మిక కుటుంబాల్లో తల్లీ తండ్రీ బిడ్డలు కలిసి, ఏ పెండ్లికో చావుకో కాకుండా, కేవలం సేదదీరడానికి ఒక రాత్రి ఇంకొకచోట గడిపినవాళ్ళు ఎందరున్నారు? మా సంఘం సమావేశంలో ఈ మాట అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. కొందరు నవ్వారు. ఒక ముసలాయన, "ఆస్పత్రిలో పడుకునింది లెక్కా నాయనా?" అన్నాడు.

కాబట్టి మన కోర్కెలు ఇవి.

ఒకటి: రైతు విడిది అనే పేరుతో రాయితీ, రుణం, లైసెన్సు పొందేవాడు ఆ భూమిలో నిజంగా సేద్యం చేస్తూ, అక్కడ కాపురం వుండాలి. సేద్యం లేని ఫారం హౌసును హోటలుగానే లెక్కగట్టి, హోటలు పన్ను, హోటలు కరెంటు రేటు వేయాలి.

రెండు: డీకేటీ భూములమీద విడిదులు కట్టినవాళ్ళ జాబితా మండలాలవారీగా బయటపెట్టాలి. 1977 చట్టాన్ని దాటి కొన్నవాటిని అసలు పట్టాదారు కుటుంబాలకు తిరిగి ఇవ్వాలి. అమ్ముకోక తప్పని పేదవాడి భూమిని సర్కారే కొని భూమిలేనివారికి పంచాలి.

మూడు: విడిదుల్లో పనిచేసేవారికి హాజరు పుస్తకం, చట్టప్రకారం కనీస వేతనం, ఎనిమిది గంటల పని, వారానికి ఒకరోజు సెలవు వుండాలి. రాత్రి కాపలాకు వేరే కూలి ఇవ్వాలి. కార్మికశాఖ అధికారులు ఈ తోటల గేటు ఒక్కసారి దాటి లోపలికి చూడాలి.

నాలుగు: ప్రభుత్వం నిజంగా పల్లె ఆదాయం పెంచదలిస్తే, డ్వాక్రా సంఘాల చేత ఊరుమ్మడి విడిది ఇళ్ళు కట్టించాలి. దళితవాడల్లో, తండాల్లో ముందు కట్టించాలి. అతిథి అక్కడ దిగాలి, అక్కడి చేతి వంట తినాలి. కులగోడకు అదొక గునపం పోటు.

అయిదు: ఈతకొలనుల బోర్లకు వాల్టా చట్టం వర్తింపజేయాలి. కాలువ నీళ్ళు ముందు మడికి, తర్వాతే విడిదికి.

అర్జీ పెడితే చాలదని మన అనుభవం చెబుతూనే వుంది. తోటల్లో పనిచేసే అక్కలు, కాపలాదార్లు, బండి తోలేవాళ్ళు విడివిడిగా వున్నంతకాలం "ఇంట్లో మనుషులు"గానే మిగులుతారు. ఒక తోటలో నలుగురే వుండవచ్చు. పది తోటల్లో నలభైమంది అవుతారు. వేరుశనగ కలుపుకు, మల్బరీ ఆకుకోతకు కూలి రేటు ఎలా నిలబెట్టుకున్నామో, దుప్పటి ఉతికినదానికీ, పొయ్యి రాజేసినదానికీ అలాగే నిలబెట్టుకోవాలి. పని కొత్తది కావచ్చు. పనిచేసేవాళ్ళు పాతవాళ్ళే, సంఘమూ పాతదే.

పల్లెకు చుట్టాలు రానివ్వండి. కానీ చుట్టాన్ని పిలిచే హక్కు ఆ పల్లెను సాకే చేతులకు వుండాలి. దాన్ని సాధించడమే మన ముందున్న కర్తవ్యం.